సింకు మీద వాన, రెండు ఫార్మాట్లలో

మళ్లీ పెట్టాను. నాలుగో ట్రాకు, సింకు మీద వాన, ముందు కుదించిన ఎంపీత్రీ ఫైలు, తర్వాత ఏమీ కోయని లాస్‌లెస్ ఫైలు, మళ్లీ ఎంపీత్రీ, తేడా లేదు, వెంట్రుకవాసి తేడా లేదు, కవలపిల్లలకైనా ఎక్కడో ఒక పుట్టుమచ్చ తేడా ఉంటుంది, వీటికి అదీ లేదు, లేకపోతే ఉందేమో, నాకే వినబడట్లేదేమో, అందుకే కదా ఇక్కడికి రావడం. హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకున్నాను. చెవుల డాక్టరు దగ్గర హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే, షుగరు పరీక్షకొచ్చి బెంచీ మీద మిఠాయి తినేవాళ్లని చూసినట్టు చూస్తున్నారందరూ, చూడనీ, వాళ్ల సొమ్మేం పోయింది. ఏసీ ఒకే శ్రుతి మీద మూలుగుతోంది, దాని కింద ఇంకో సన్నటి మూలుగు, బేరింగు అరిగిందన్నమాట. కౌంటర్ దగ్గర అమ్మాయి పెన్ను మూత కొరుకుతోంది. తలుపవతల ఎవరో చెప్పు ఈడుస్తూ నడుస్తున్నారు, ఎడమకాలు మాత్రమే. ఇవన్నీ వినబడుతున్నాయని మురిసిపోవడానికి లేదు. చెవి బొంగురు శబ్దాల దగ్గర, కిందినుంచి పోదు, సన్నటి కీచు శబ్దాల దగ్గర, పైనుంచి పోతుంది, ముందు మేడమీద దీపాలు ఆరతాయి, కింద గదుల్లో ఉన్నవాళ్లు చాలాకాలం ఇల్లంతా వెలుగే అనుకుంటారు. నా మేడ చీకటైపోయింది. ఆ సంగతి ఈ రెండు ఫైళ్లూ కలిసి చెప్పాయి.

నా బతుకంతా వినడమే. ఫోన్లలో, కంప్యూటర్లలో జనం ఆడుకునే ఆటలకి సంగీతం కట్టేది మా తమ్ముడు, వాడు కట్టినదాన్ని తూచి, ఏది ముందుకి రావాలో ఏది వెనక్కి జరగాలో చూసి మిక్స్ చేసేది నేను. స్టూడియోలో రెండే కుర్చీలు. వాడిది గోడవైపు, కీబోర్డు ముందు. నాది రెండు స్పీకర్లకీ సరిగ్గా నడుమ. నడుమ కుర్చీలో కూర్చున్నవాళ్లదే ఆఖరి మాట, అక్కడ కూర్చుని సరే అంటేనే పాట బయటికి వెళుతుంది. మొట్టమొదటి ఆట చీమది, ఇరవయ్యేళ్లవుతోంది, ఒక చీమ వంటగట్టు ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లాలి, అంతే ఆట, దారిలో గరిటె వంతెన, గ్లాసు కొండ, సింకు సముద్రం. టైర్ల కొట్టు పైన అద్దెగది, అమ్మ గిన్నెలన్నీ మోసుకొచ్చి నేలమీద పరిచాం, నేను దేంట్లో వండను మీ చెవుల్లోనా అని అమ్మ ఫోన్లో ఒకటే తిట్లు, ఆ తిట్లు కూడా రికార్డు చేశాడు వాడు, నవ్వలేక చచ్చాం. సింకు మీద వాన కోసం స్టీలు పళ్లెం వాలుగా పెట్టి సన్నటి ఇసుక జల్లాను, ఒక్క చిటికెడు, పైనుంచి, ఊపిరి బిగబట్టి. ఆ వాన చీమకి వినబడే వాన. ఒక్కో రేణువూ విడివిడిగా పడేది, తెల్లారేసరికి ఒళ్లంతా ఇసుక, జుట్టులో ఇసుక, అయినా అంత సంతోషం మళ్లీ నాకెప్పుడూ కలగలేదు. ఇప్పుడు వింటే రేణువుల్లేవు. ఏదో నీళ్లలో మునిగిన ముద్ద, గలగలా కాదు, జలజలా కాదు, ఎవరో నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తున్నట్టుంది. ఎంపీత్రీలో అలా ఉంటే అర్థం చేసుకోవచ్చు. లాస్‌లెస్‌లోనూ అలాగే ఉంటే చెవిది కాక తప్పెవరిది?

పని చేసేటప్పుడు నేను తెర ఆపేస్తాను. ఇది నా పద్ధతి, అందరికీ తెలుసు, కొత్తగా వచ్చిన కుర్రకారు నవ్వుకుంటారు కూడా, ఆవిడ కంప్యూటర్ తెరకి ముసుగేస్తుందట, పెళ్లికూతురా అని. తెరమీద గీతలు చూసి మిక్స్ చేసేవాడు కూర రుచి చూడకుండా రంగు చూసి ఉప్పేసేవాడు. కన్ను గొప్ప చాడీకోరు, చెవికి ఏదో ఒకటి చెప్తూనే ఉంటుంది, ఇక్కడ ఎత్తు పెరిగింది చూడు, అక్కడ గీత లావైంది చూడు అని. తమ్ముడికి నేను నేర్పిన మొదటి పాఠం అదే, ఒరేయ్ తెర ఆపు, విను. వాడు ఆపేవాడు, కళ్లు మూసుకునేవాడు, రెప్పలు అదిరేవి, ఏముందిరా అంటే అక్కా ఎడమవైపు ఏదో గుచ్చుకుంటోందే అనేవాడు, నిజంగానే అక్కడ ఏదో ఉండేది. మంచి చెవులు వాడివి. వాడి చెవులు మంచివని నేనే ఊరంతా చెప్పుకున్నాను.

మొదలెట్టింది ఇంకొంచెం గారు. మా కొత్త ఆట ఆయనదే, కంపెనీ ఓనరు, మనిషి మంచివాడే, ఏది వినిపించినా ఇంకొంచెం మెరుపు కావాలమ్మా, ఇంకొంచెం బరువు కావాలమ్మా అంటాడు, అందుకే మేం పెట్టిన పేరు. మొన్నామధ్య మిక్స్ విని పైన ఏదో గీరుతోందమ్మా అన్నాడు. ఏమీ లేదండీ అన్నాను. ఉందమ్మా అన్నాడు. నేను తమ్ముడివైపు చూశాను, వాడు లేదంటాడని, వాడు నేలవైపు చూస్తూ, నాక్కూడా వినబడిందక్కా, నువ్వే చెప్తావని ఊరుకున్నా అన్నాడు. మూడు మాటలు, నాక్కూడా వినబడింది అక్కా, వాటిలో అక్కా అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది, మెత్తగా అన్నాడు, ముసలివాళ్లని మెట్లు దింపేటప్పుడు ఉండే మెత్తదనం. నా వయసేమంత? యాభై కూడా రాలేదు. ఆ రాత్రి మా ఆయనతో చెప్పాను, ఆయన టీవీ చూస్తూ, నాకెప్పుడూ అన్నీ ఒకేలా వినబడతాయి, నేను బతకట్లేదా అన్నారు. ఓదార్పు అది. చెవిటివాడి ముందు శంఖం ఊదానని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడే గుర్తొచ్చింది చీమ ఆట. ఆ పాటల్ని తమ్ముడు ఈమధ్యే నెట్‌లో అమ్మకానికి పెట్టాడు, ఆ ఆట చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది, హక్కులు మా చేతికొచ్చాయి. ఎంపీత్రీ ఒక ధర, లాస్‌లెస్ దానికి రెట్టింపు పైన. తెలియనివాళ్లకి చెప్పాలంటే ఎంపీత్రీ అంటే ఎండబెట్టిన కూరగాయ, జాగా తక్కువ పట్టాలని, చెవికి ఎలాగూ తెలియదులే అనుకున్నదాన్నల్లా తీసి పారేస్తారు. లాస్‌లెస్ అంటే బీరువాలో మడతపెట్టిన పట్టుచీర, ఎప్పుడు తీసినా అంచుతో సహా అంతా ఉంటుంది. నా చేత్తో చేసిన పాట, ఇసుక ఎక్కడ పడుతుందో నాకు కంఠతా వచ్చిన పాట, అందులో ఆ రెంటికీ తేడా పట్టలేకపోతే ఇక నేను ఎందులో పట్టగలను? తమ్ముణ్ని అడిగితే ఫైళ్లు ఇస్తాడు, కానీ అడిగితే ఎందుకని అడుగుతాడు. అందుకే నా పాటల్ని నేనే కొనుక్కున్నాను, ఊరూపేరూ లేని గిరాకీలాగా, రెండు ఫార్మాట్లూ. కొన్నందుకు ధన్యవాదాలు, స్వతంత్ర కళాకారులకి మీరు అండగా నిలిచారు అని వచ్చింది. ఆహా, నిలిచాను.

కింద కొన్నవాళ్ల మాటలున్నాయి. ఒకడు రాశాడు, లాస్‌లెస్‌లో విన్నాక ఇక ఎంపీత్రీ జోలికి పోలేం, భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా అని. ఇంకొకడికి నాలుగో ట్రాకులో ఒక్కో చినుకూ విడివిడిగా వినబడిందట. ఒకావిడకి గదిలో గాలి కూడా వినబడిందట, కళ్లు చెమర్చాయట. చదివాను, విన్నాను, మళ్లీ చదివాను. లోకంలో అందరికీ గాలి వినబడుతోంది, ఆ గదిలో ఇసుక జల్లినదానికి ఇసుక వినబడట్లేదు. బాత్రూములోకెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను, కుళాయి చప్పుడు బాగానే వినబడింది, దరిద్రం.

రెండ్రోజులు దిగమింగుకుని ఇక పట్టలేక తమ్ముడితో చెప్పేశాను. సరిగ్గా పరీక్ష చేద్దామక్కా, నేను నొక్కుతాను, నువ్వు వెనక్కి తిరిగి కూర్చుని ఏది ఏదో చెప్పు అన్నాడు. నడుమ కుర్చీలోనే కూర్చున్నాను, తెర ఆపేసి ఉంది, అయినా గోడవైపు తిరిగాను, పద్ధతంటే పద్ధతి. వాడు నొక్కాడు. ఎంపీత్రీ అన్నాను. మళ్లీ నొక్కాడు. లాస్‌లెస్ అన్నాను. మళ్లీ. మళ్లీ. చెప్తున్నాను గానీ నాణెం ఎగరేసినట్టే ఉంది, ఏ మాటకీ ఆధారం లేదు, చివరికి ఒరేయ్ తేడా లేదురా, నాకేం తేడా తెలియట్లేదు అన్నాను. తిరిగి చూస్తే వాడు మౌస్ మీద చెయ్యి పెట్టుకుని నావంకే చూస్తున్నాడు. నీళ్లు తెచ్చిచ్చాడు. గ్లాసు నా చేతిలో పెట్టి భుజం నిమిరాడు. ఎప్పుడు నిమిరాడు వాడు నా భుజం? అమ్మ పోయినప్పుడు కూడా నేనే వాడి భుజం నిమిరాను.

మర్నాడు నేనే ఇంకొంచెం గారికి ఫోన్ చేశాను. ఎవరో చెప్తే వినేకంటే నా నోటితో నేను చెప్పడం మర్యాద అనుకున్నాను, పౌరుషమొకటి ఏడ్చింది కదా. పైన గీరుడు ఉందన్నారు, ఉండే ఉంటుందండీ, నా చెవులు పోతున్నాయి, ఇకనుంచి మా తమ్ముడే మిక్స్ చేస్తాడు అన్నాను. అయ్యో అమ్మా అన్నాడు, అయ్యో అన్న మాట ఎంత దూరం ప్రయాణం చేస్తుందో మా వృత్తిలో నాకు తెలుసు. సాయంత్రానికి ఇంకో స్టూడియో వాళ్లు పరామర్శకి మెసేజ్ పెట్టారు. కళ్లు పోయిన డ్రైవర్నీ, చెవులు పోయిన మిక్స్ చేసేదాన్నీ చూసి జాలిపడతారు గానీ బండి ఇవ్వరు. కొరివితో తల గోక్కున్నట్టయింది. ఇవాళ పొద్దున్నే తమ్ముడూ ఇంకొంచెం గారూ కూర్చున్నారు, కొత్త ఆట చివరి మిక్స్, వాడు నడుమ కుర్చీలో. నేనిక్కడ. వినికిడి ఎంత మిగిలిందో కొలిపించుకుందామని, ఒంట్లో రోగం ఖాయమయ్యాక అది ఎంత ముదిరిందో అడగడానికి వచ్చినట్టు.

పిలిచారు. లోపల గది చిన్నది, దాంట్లో ఇంకో గది, బీరువా అంత పెట్టె, మందపాటి తలుపు, మూస్తే లోకం ఊడిపోయినట్టయింది. చెవుల పరీక్ష చేసే అమ్మాయి అద్దం అవతల కూర్చుంది, నా చేతికో బటన్ ఇచ్చింది, శబ్దం వినబడితే నొక్కండి మేడమ్, ఎంత సన్నగా ఉన్నా సరే. మాకు సంగీతం పనండీ, పై స్థాయిలవి కూడా చూడండి అని ముందే అడిగాను. నొక్కాను. నొక్కాను. నా గుండె కొట్టుకోవడం వినబడుతోంది, మెడలో నరం, మింగితే గొంతులో తడి. సన్నటి గీత ఒకటి దూరంగా, ఉందా, ఉందనుకుంటున్నానా, నొక్కాను. అబద్ధం నొక్కుతున్నానేమో. చిన్నప్పుడు తమ్ముడికి పరీక్షల ముందు అన్నం కలిపి ముద్దలు పెడుతూ లెక్కలు అడిగేదాన్ని, తప్పు చెప్తే ముద్ద వెనక్కి లాగేసేదాన్ని, వాడు నోరు తెరుచుకుని ఉండిపోయేవాడు, ఎంత నవ్వొచ్చేదో. నవ్వొచ్చేది నాకు. వాడికేమొచ్చేదో ఎప్పుడూ అడగలేదు. నొక్కాను. గీత ఇంకా సన్నబడింది, ఇంకా పైకెళ్లింది, సూది మొనంత, నొక్కాను, తర్వాత నిజంగానే ఏమీ లేదు, ఆ ఏమీ లేనిదాన్ని విన్నాను, అది నల్లగా ఉంది.

తలుపు తీసి ఆ అమ్మాయి కాగితం నా ముందు పెట్టి, మీకు పోయాయని ఎవరు చెప్పారు మేడమ్ అంది. అందరికీ వయసుతో తగ్గినట్టే పై చివర ఒక పిసరు తగ్గింది, అంతే, మీ వయసులో ఇంత శుభ్రంగా వినేవాళ్లు నాకు తగల్లేదు, మీరు సగం శబ్దాలకి నేను నొక్కగానే నొక్కేశారు, నేనే ఆశ్చర్యపోయాను అంది. నవ్వింది. బయట ఎవరికో చెప్పాలనిపించింది, మా ఆయనకి చెప్పాలనిపించింది, బయటికొచ్చి ఇందాకటి కుర్చీలోనే కూలబడ్డాను. చెవులు బాగున్నాయి. మరి వాన?

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఈసారి ఫోన్ బోర్లా తిప్పి ఒళ్లో పెట్టాను, ఏది ఎంపీత్రీయో ఏది లాస్‌లెస్సో పేరు కనబడకుండా. విన్నాను. పుక్కిలింత. రెండోది విన్నాను. అదే పుక్కిలింత, అదే చోట, అదే ముద్ద. ఓసి పిచ్చిదానా. ఇరవయ్యేళ్లుగా తిట్టుకుంటూ విన్న చప్పుడే కదా ఇది, తక్కువ జాగాలో కుక్కిన ఎంపీత్రీ చేసే చప్పుడు, నిద్రలో లేపి వినిపించినా చెప్తానే. ఒకటి ఎంపీత్రీ, ఇంకోటి లాస్‌లెస్ చొక్కా తొడుక్కున్న ఎంపీత్రీ. పిండేసిన నిమ్మచెక్కని తెచ్చి పెద్ద గిన్నెలో పెడితే గిన్నె పెద్దదవుతుంది గానీ రసం తిరిగొస్తుందా? తేడా లేదని నా చెవి మొదటిరోజే చెప్పింది. లేదు లేదు లేదు అని మొత్తుకుంది. దాని మాట కాదని నేను అట్టమీద పేరు నమ్మాను. తెరకి ముసుగేసే మహాతల్లిని, పక్కన రాసున్న ఒక్క మాట చూసి మోసపోయాను, గాలి విన్న ఆవిడ ఏడుపుని నమ్మాను, లేని గీరుడు ఉందన్న మాటని నమ్మాను, నా ఇసుకని నేను నమ్మలేదు. తమ్ముడికి ఫోన్ చేశాను.

"చెప్పక్కా, ఏమన్నారు?" అన్నాడు వాడు, అదే మెత్తదనం.

"చీమ పాటల అసలు ఫైళ్లు ఎక్కడున్నాయిరా?"

కుర్చీ జరిగింది, అడుగులు, మిక్సు గది తలుపు మూసుకుంది, వాడి చుట్టూ శబ్దం మారింది, నడవాలోకొచ్చాడు.

"డిస్కు పోయిందక్కా. గది మారినప్పుడే. నీకు చెప్తే చంపేస్తావని చెప్పలేదు. కంపెనీకి వినడానికి పంపిన ఎంపీత్రీలు మెయిల్లో దొరికాయి, వాటినే లాస్‌లెస్‌గా మార్చి పెట్టాను. ఇంతమంది కొన్నారు, ఒక్కడైనా అడిగాడా?"

"జనం సంగతి కాదురా. నా సంగతి. మౌస్ పట్టుకున్నది నువ్వు. రెండూ ఒకటేనని తెలిసి, నన్ను గోడకేసి కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పమన్నావు."

"నేను అబద్ధమేం చెప్పానక్కా? ఏది ఏదో చెప్పమన్నాను, అంతే. తేడా లేదన్నావు. లేదు కదా మరి. నీ చెవులు సరిగ్గానే చెప్పాయి, నువ్వే నమ్మలేదు. నమ్ముతావేమోనని చివరిదాకా చూశాను, నిజంగా చూశాను."

"ఎందుకురా?"

"ఎందుకేంటి? ఎన్నేళ్లు గోడవైపు కూర్చోమంటావు? నాకూ నలభై దాటింది. నేను ఏది కట్టినా నువ్వు ఊఁ అనాలి, నువ్వు ఉఁహూ అంటే అది చచ్చిపోయినట్టే. కుర్చీ అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదు. ఆ మాట మాత్రం నిజం, ఇచ్చేదాన్ని కాదు. అయినా అడిగి ఉంటే కొట్లాడుకునేవాళ్లం, గిన్నెలు విసురుకునేవాళ్లం, అన్నం మానేసేవాళ్లం, అక్కాతమ్ముళ్లలా ఉండేది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు, ఆ ఇంట్లో దీపం పెట్టి దారి చూపించేది మనమే అయినప్పుడు ఎవడు పట్టగలడు? ఫోన్ పెట్టేశాను, వాడు ఇంకా ఏదో అంటుండగానే. వెంటనే ఇంకొంచెం గారికి చేశాను. ఇంకా ఆలస్యం కాలేదు, ఆయన అక్కడే ఉన్నాడు, మిక్స్‌కి ఇంకా సరే అని ఉండడు, ఒక్క మాట, ఒక్కే ఒక్క మాట చెప్తే చాలు.

"సార్, నేనండీ. ఇప్పుడే పరీక్ష చేయించుకున్నాను, నా చెవులకి ఏమీ కాలేదట, బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. నేను చెప్పింది పొరపాటు. ఆ మిక్స్ ఖాయం చేయకండి, వచ్చి నేను..."

"అమ్మా!" అని అరిచాడాయన. ఒక్కో మాటా విడదీసి, గట్టిగా, నిదానంగా, పసిపిల్లలకి చెప్పినట్టు. "మీరు! కంగారు! పడకండి! అన్నీ! తమ్ముడు! చూసుకుంటున్నాడు!"

"అరవకండి సార్. నాకు వినబడుతోంది. చెవులు పోలేదు, అదే చెప్తున్నాను..."

ఆయన వెనక మిక్సు గది తలుపు తెరుచుకుంది. అడుగులు. కుర్చీ స్ప్రింగు కిర్రుమంది, నడుమ కుర్చీ, నాకు తెలియని చప్పుడా అది. తర్వాత వాడి గుసగుస, చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎంత మెల్లగానో, అక్కేనా సార్, పాపం ఒప్పుకోలేకపోతోంది, పోట్లాడకండి, ఏం చెప్పినా ఊఁ అనేయండి. ఇంకొంచెం గారి నిట్టూర్పు. ఆయన చొక్కా బటన్ అంచు ఫోన్‌కి రాసుకున్న చప్పుడు.

"వినబడుతోందా అమ్మా?" అని మళ్లీ అరిచాడాయన.

"వినబడుతోందండీ," అన్నాను.